రేవుల కథ – 6: ముప్పై పాళ్లలో ఒక పాలు

కాకతీయ గణపతిదేవుడు తీరాంధ్రను చేతికి తెచ్చుకున్న తీరు గత భాగంలో చూశాం. 1201లో బెజవాడ, దివిసీమ లొంగాయి. దివిని ఏలిన అయ్య వంశం పిల్లలు నారాంబ, పేరాంబలను ఆయన పెళ్లాడాడు. వాళ్ల తమ్ముడు జాయపను చేరదీసి గజసాహిణిని, అంటే ఏనుగుల దళపతిని, చేశాడు. వెలనాటి పృథ్వీశ్వరుడు యుద్ధంలో కూలాక కృష్ణకు దక్షిణాన కూడా ఆయన మాటకు ఎదురు లేకుండా పోయింది. ఓరుగల్లు రాజుకు సముద్రం దక్కింది.

దక్కిన సముద్రాన్ని ఏం చేసుకోవాలి? ఈ వారం కథంతా ఆ ప్రశ్న చుట్టూనే.

మన నూజెండ్ల వైపు నుంచి సముద్రానికి దారి చెప్పమంటే పెద్దవాళ్లు గుండ్లకమ్మనే చూపిస్తారు. నల్లమలలో పుట్టి, కంభం చెరువు దాటి, వినుకొండ సీమను ఒరుసుకుంటూ అద్దంకి మీదుగా దిగి సముద్రంలో కలుస్తుంది. ఆ నది సముద్రంలో కలిసే చోటుకు ఉత్తరంగా, ఇప్పటి బాపట్ల జిల్లా చినగంజాం మండలంలో మోటుపల్లి ఉంది. ఇవాళ అది చిన్న ఊరు. చీరాల, ఒంగోలు మధ్య రైలు కిటికీలోంచి చూసేవాళ్లకు తాటిచెట్లు, ఉప్పు మడులు తప్ప మరేమీ కనిపించవు. ఆ ఊళ్లో వీరభద్రేశ్వరాలయం ఉంది. ఆ గుడి మండపంలో ఒక స్తంభం మీద గణపతిదేవుడు చెక్కించిన శాసనం ఉంది. శక సంవత్సరం 1166, క్రోధి. అంటే 1244–45. చరిత్రకారులు దాన్ని అభయ శాసనం అంటారు.

మనకు దొరికిన తెలుగు నేల శాసనాలు వేలల్లో ఉన్నాయి. ఎక్కువ భాగం దానాలు: గుడికి అఖండ దీపం, బ్రాహ్మణుడికి అగ్రహారం, చెరువుకు మాన్యం. అన్నీ దేవుడికో, ఊరికో, ఊరి మనిషికో ఇచ్చినవి. మోటుపల్లి స్తంభం దేవుడితో మాట్లాడదు, ఊరితోనూ మాట్లాడదు. ఎక్కడి నుంచి వస్తారో, ఏ భాష మాట్లాడతారో, ఏ దేవుణ్ని కొలుస్తారో తెలియని ఓడ వర్తకులతో మాట్లాడుతుంది. అందుకే నాకు ఆ శాసనం మీద ఇంత మక్కువ.

అది చెప్పే సంగతి సారాంశంగా ఇది. అన్ని ద్వీపాల నుంచి, దేశాల నుంచి, పట్టణాల నుంచి వచ్చేవాళ్లకు, ఇక్కడి నుంచి బయలుదేరేవాళ్లకు గణపతిదేవ మహారాజు అభయం ఇస్తున్నాడు. ఇంతకు ముందు రాజులు, ఒక దేశం నుంచి మరో దేశానికి పోతూ గాలివానకు చిక్కి పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని బంగారాన్నీ ఏనుగులనూ గుర్రాలనూ రత్నాలనూ బలవంతంగా లాక్కునేవారు. మేము ఆ పని చేయం. ప్రాణం కంటే ధనమే ఎక్కువనుకుని అంత పెద్ద సముద్రానికి తెగించి వచ్చినవాళ్ల మీద దయతో, కీర్తి కోసం, ధర్మం కోసం, నిర్ణయించిన సుంకం ఒక్కటి తప్ప మిగిలినదంతా వాళ్లకే వదిలేస్తున్నాం. ఆ సుంకం ఎగుమతికైనా దిగుమతికైనా ముప్పై పాళ్లలో ఒక పాలు.

తర్వాత సరుకుల జాబితా. శ్రీగంధం, కర్పూరం, చీనా కర్పూరం, ముత్యాలు, పన్నీరు, దంతం, జవ్వాది, రాగి, సీసం, పట్టు దారం, పగడాలు, మిరియాలు, పోకలు. ఏ సరుకు మీద ఎంతో గద్యాణాలు, పణాలు అనే నాణేల లెక్కలో విడివిడిగా చెక్కారు. రేవులో దిగిన వర్తకుడు సుంకరి మొహం చూసి బేరం మొదలుపెట్టనక్కర్లేదు. స్తంభం దగ్గరికి నడిచి చూసుకుంటే చాలు. చదవడం రాకపోతే చదివినవాణ్ని అడగవచ్చు. రేటు రాతి మీద ఉంది కాబట్టి రాత్రికి రాత్రి మారదు.

ముప్పైకి ఒకటి అంటే ఇవాళ్టి లెక్కలో నూటికి 3 రూపాయల 33 పైసలు. ఆ అంకె కంటే ముందున్న మాట నన్ను ఎక్కువగా ఆపుతుంది. ఇంతకు ముందు రాజులు లాక్కునేవారు అని ఒక రాజు రాతి మీద ఒప్పుకోవడం మామూలు సంగతి కాదు. పగిలిన ఓడ సముద్రం ఇచ్చిన సొమ్మనీ, ఆ ఒడ్డును ఏలేవాడికే దక్కుతుందనీ లోకమంతా నమ్మిన కాలం అది. మన తీరం ఒక్కటే కాదు, యూరప్ తీరాలదీ అదే నీతి. అక్కడ 1179లో రోములో జరిగిన లాటెరన్ మహాసభ, ఓడ పగిలి ఒడ్డుకు చేరిన క్రైస్తవులను దోచేవాళ్లను వెలివేస్తామని తీర్మానించాల్సి వచ్చింది. తీర్మానం దాకా వెళ్లిందంటే దోపిడీ ఎంత మామూలో తెలుస్తూనే ఉంది.

ఇక్కడ మోటుపల్లిని కాసేపు వదిలి చాలా దూరం వెళ్లాలి. గణపతిదేవుడు శాసనం వేయించిన ఆ 1244లోనే పశ్చిమాన మధ్యధరా సముద్రం ఒడ్డున ఒక రాజ్యం కుప్పకూలుతోంది. ఆగస్టులో ఖ్వారజ్మీ సైన్యాలు యెరూషలేమును పట్టుకున్నాయి. అక్టోబరులో గాజా దగ్గర జరిగిన యుద్ధంలో ఆ రాజ్యపు సైన్యం దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. 1099లో మొదటి శిలువ యుద్ధం గెలిచి యూరప్ దొరలు నిలబెట్టిన రాజ్యం అది. దాని నగరాల పేర్లు మనవాళ్లకు కొత్తవి కావు. పల్నాటిలో బైబిల్ చదివే ఇళ్లు ఎన్నో ఉన్నాయి. తూరు, సీదోను, యొప్పే, అక్కో, అష్కెలోను అంటే చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఆ రేవుల్లో ఇటలీ వర్తకులకు రాసిచ్చిన హక్కుల కథ తెలిస్తే, మన స్తంభం మీద మాటల బరువు ఇంకా బాగా తెలుస్తుంది.

యెరూషలేమును గెలిచినవాళ్లకు గుర్రాలున్నాయి, కవచాలున్నాయి, ఓడలు లేవు. తీరమంతా ఈజిప్టు ఫాతిమీ ఖలీఫాల నౌకాదళం తిరుగుతోంది. మనుషులైనా ధాన్యమైనా ఆయుధాలైనా యూరప్ నుంచి సముద్రం మీదే రావాలి. రేవులు పట్టుకోకపోతే రాజ్యం బతకదు, ఓడలు లేనిదే రేవులు పట్టలేరు. ఓడలున్నది ఇటలీలోని మూడు నగరాలకు: వెనిస్, జెనోవా, పీసా. వాళ్లూ దేవుడి పని మీదే వచ్చామన్నారు. ఆ భక్తి అబద్ధమని నేను అననుగానీ, వాళ్లు చేతిలో పత్రం లేకుండా ఓడ కదిలించలేదు.

మొదటి పత్రం యెరూషలేము పడక ముందే వచ్చింది. 1098లో అంతియొకయను పట్టుకున్నాక బోహెమండ్ దొర జెనోవా వాళ్లకు ఒక చర్చి, ఒక గిడ్డంగి, ఒక బావి, 30 ఇళ్లు రాసిచ్చాడు. 1104లో అక్కో పడింది. జెనోవా ఓడల సాయానికి మొదటి బాల్డ్విన్ రాజు ఆ రేవు ఆదాయంలో మూడో వంతు, కాపురానికి చోటు ఇచ్చాడు. ఆ హక్కులను యెరూషలేములో యేసు సమాధి చర్చిలో బంగారు అక్షరాలతో చెక్కించారని జెనోవా వాళ్లు తర్వాత వాదించారు. ఒక రాజు ఆ అక్షరాలను తీయించేశాడని పోపు దాకా ఫిర్యాదు వెళ్లింది. అసలు ఆ బంగారు రాత ఎన్నడైనా ఉందా, లేక జెనోవా కట్టుకథా అని చరిత్రకారులు నేటికీ వాదించుకుంటున్నారు.

అన్నిటికంటే పెద్ద పత్రం 1123 నాటిది. అప్పటికి రెండో బాల్డ్విన్ రాజు శత్రువు బలక్ చేతికి చిక్కి బందీగా ఉన్నాడు. తీరంలో తూరు, అష్కెలోను ఇంకా ఈజిప్టు వాళ్ల చేతిలోనే ఉన్నాయి. సరిగ్గా ఆ సమయంలో వెనిస్ అధినేత డోజ్ డొమెనికో మికియేల్ పెద్ద నౌకాదళంతో దిగాడు. అష్కెలోను దగ్గర ఈజిప్టు నౌకాదళాన్ని దెబ్బతీశాడు. రాజు లేడు కాబట్టి బేరానికి యెరూషలేము మతగురువు పేట్రియార్క్ వార్మండ్ కూర్చున్నాడు. ఆయన పేరు మీదే ఆ ఒప్పందాన్ని వార్మండ్ ఒడంబడిక అంటారు.

అందులో వెనిస్ రాయించుకున్నవి చూడండి. రాజ్యంలో ప్రతి నగరంలోనూ వాళ్లకు ఒక చర్చి, ఒక వీధి, ఒక బజారు, ఒక స్నానశాల, ఒక రొట్టెల పొయ్యి; వాటి మీద పన్ను లేదు, అవి తరతరాలకూ వాళ్లవే. అక్కోలోని తమ వీధిలో వాళ్లు తిరగలి పెట్టుకోవచ్చు. తక్కెడ, కుంచాలు, ద్రాక్షసారా, నూనె, తేనె కొలిచే పాత్రలు పెట్టుకోవచ్చు. తాము అమ్మేటప్పుడు తమ కొలతలతోనే కొలుస్తారు. బయటివాళ్ల దగ్గర కొనేటప్పుడు మాత్రం రాజు కొలతలు వాడాలి. వెనిస్ వాడి మీద వెనిస్ వాడు ఫిర్యాదు చేసినా, బయటివాడు వెనిస్ వాడి మీద ఫిర్యాదు చేసినా తీర్పు వెనిస్ న్యాయస్థానానిదే. తూరు రాబడిలోంచి ఏటా పేతురు పౌలుల పండుగ నాడు 300 బెజంట్ బంగారు నాణేలు వాళ్లకు చెల్లించాలి. తూరు, అష్కెలోను పట్టుబడితే ఆ నగరాల్లో, వాటి చుట్టూ ఉన్న భూముల్లో మూడో వంతు వెనిస్‌ది.

ఆ పత్రంలోనే ఇంకో షరతు ఉంది. వెనిస్ వాడి ఓడ పగిలితే అతని సొమ్ముకు ఏ నష్టమూ కలగకూడదు. ఆ ప్రమాదంలో అతను చనిపోతే మిగిలిన సొత్తు వారసులకో, తోటి వెనిస్ వాళ్లకో అప్పగించాలి.

మోటుపల్లి స్తంభం మీద ఉన్న భయం, ఆ పత్రంలో రాసుకున్న భయం ఒక్కటే. ఏ సముద్రంలోనైనా ఓడ వర్తకుడు నిద్ర పట్టక ఆలోచించేది ఆ ఒక్క రాత్రి గురించే. రెండు రాజ్యాలూ దానికి హామీ ఇచ్చాయి. కానీ ఒక తేడా ఉంది. వార్మండ్ పత్రంలో ప్రతి వాక్యానికీ వెనిస్ అనే పేరు తోడుగా ఉంటుంది. మోటుపల్లి శాసనంలో ఏ నగరం పేరూ, ఏ జాతి పేరూ లేదు. అన్ని దేశాల నుంచి వచ్చేవాళ్లు అంటుంది, అంతటితో ఆగుతుంది. యుద్ధంలో నాకు ఓడ ఇస్తే నీకు ఇది ఇస్తాను అన్న బేరం ఎక్కడా లేదు.

వెనిస్ మాట నిలబెట్టుకుంది. 1124 ఫిబ్రవరిలో తూరు ముట్టడి మొదలై జూలై 7న నగరం లొంగింది. చెర వదిలించుకుని వచ్చిన బాల్డ్విన్ ఆ పత్రాన్ని చూసి సంతోషించి ఉండడు. 1125లో దాన్ని ఖరారు చేస్తూ కొన్ని షరతులు సవరించాడు. తూరులో తమ మూడో వంతుకు తగినట్టు వెనిస్ వాళ్లు రాజ్యానికి సైనిక సేవ చేయాలన్నది అందులో ముఖ్యమైనది.

ఇంత ఇచ్చేశాక రాజుకు ఏం మిగిలింది అని అడగవచ్చు. మిగలకుండా లేదు. ఇటలీ వర్తకుడు సుంకం కట్టకపోయినా, అతనికి అమ్మే దమస్కు వర్తకుడు రాజు బజారులో కట్టేవాడు. ఒక వైపు వదిలినది ఇంకో వైపు కొంతైనా వచ్చేది. ఆ వసూళ్లను కళ్లారా చూసి రాసినవాడు ఇబ్న్ జుబైర్ అనే అరబ్బు యాత్రికుడు.

ఆయన అందలుసియా వాడు. మక్కా యాత్ర చేసి తిరిగి వెళ్తూ 1184 సెప్టెంబరులో దమస్కు వర్తకుల బిడారుతో కలిసి అక్కో చేరాడు. మన కారెంపూడి కయ్యం జరిగింది 1182 ప్రాంతంలో అని సంప్రదాయంగా చెప్పుకునే లెక్క సరైనదైతే, పల్నాటి వీరులు నేలకొరిగిన రెండేళ్లకు అన్నమాట. అక్కో సుంకాల శాల బిడారులు దిగేంత పెద్ద సత్రం. దాని గుమ్మం ముందు రాతి అరుగులు, అరుగుల మీద తివాసీలు, తివాసీల మీద క్రైస్తవ గుమస్తాలు. వాళ్ల ముందు నల్లచేవ కర్రతో చేసి బంగారు పని పెట్టిన సిరాబుడ్లు. లెక్కలు రాసేది అరబ్బీలోనే, మాట్లాడేదీ అరబ్బీలోనే. సుంకం వసూలును ఒకడు గుత్తకు తీసుకుంటాడు. మన వారపు సంతల్లో ఆశీలు పాట పాడుకున్నవాడు పొద్దున్నే గేటు దగ్గర కూర్చోవడం చూసినవాళ్లకు ఆ వ్యవహారం వివరించనక్కర్లేదు. సరుకున్నవాళ్ల సరుకు లెక్క కట్టారు. సరుకు లేదన్నవాళ్ల మూటలు కూడా విప్పి చూశారు. అంతా మర్యాదగానే, కసురుకోకుండా సాగిందని ఇబ్న్ జుబైర్ రాశాడు. పక్కనే సుల్తాను సలాదీనుకూ ఫ్రాంకులకూ (ఆ యూరప్ వాళ్లకు అక్కడి పేరు) యుద్ధం నడుస్తున్నా వర్తకులు ఇటూ అటూ తిరుగుతూనే ఉన్నారని ఆశ్చర్యపోయాడు.

అక్కడి నుంచి ఆయన ఎక్కింది జెనోవా వాళ్ల ఓడ. అది డిసెంబరులో సిసిలీ దగ్గర మెస్సీనా జలసంధిలో ఒడ్డుకు కొట్టుకుని పగిలింది. చిన్న పడవల వాళ్లు వచ్చి, ఒడ్డుకు చేర్చడానికి నోటికొచ్చినంత అడిగారు. ఇవ్వలేని పేద ముస్లింలు పగిలిన ఓడలోనే ఉండిపోయారు. సిసిలీ రాజు విలియం అప్పుడు ఆ ఊళ్లోనే ఉన్నాడు. విషయం తెలిసి స్వయంగా వచ్చి చూసి, తన నాణేలు 100 ఇప్పించి ఆ పేదలను ఒడ్డుకు చేర్పించాడు. రాజు అక్కడ లేకపోయి ఉంటే ఓడలోని సొత్తంతా దోచుకునేవాళ్లు, ముస్లింలు బానిసలయ్యేవాళ్లు అని ఇబ్న్ జుబైర్ దేవుడికి దండం పెట్టుకున్నాడు.

ఆ రాత్రి మెస్సీనాలో ఆయన్ను కాపాడింది చట్టం కాదు. రాజు మంచివాడు కావడం, పైగా ఆ ఊళ్లోనే ఉండటం. ఆ సంఘటన గుర్తున్నవాళ్లకు అభయ శాసనం విలువ వేరుగా చెప్పనక్కర్లేదు. మోటుపల్లి ఒడ్డున ఓడ పగిలిన రోజున గణపతిదేవుడు ఓరుగల్లులో ఉంటాడో, ఎక్కడో యుద్ధంలో ఉంటాడో ఎవరికి తెలుసు? రాజు లేని చోట రాజు మాట పనిచేయాలి. అందుకే అది రాయి ఎక్కింది.

1187లో సలాదీను యెరూషలేమును గెలిచాడు. 1191లో ఫ్రాంకులు అక్కోను తిరిగి పట్టుకుని దాన్నే రాజధాని చేసుకున్నారు. అప్పటి నుంచి ఇటలీ నగరాల ప్రాబల్యం ఇంకా పెరిగింది. ఒకే రేవు. దాని ఒడ్డున వెనిస్ పేట, జెనోవా పేట, పీసా పేట. ప్రతి పేటకూ గోడలు, గోపురం, సొంత న్యాయస్థానం. ఒకడు ఒక వీధిలో నేరం చేసి పక్క వీధిలో దూరితే ఎవరు పట్టుకోవాలన్నది కూడా వివాదమే.

చివరికి ఆ నగరంలో చిచ్చు రేగింది ఒక మఠం ఆస్తి దగ్గర. వెనిస్ పేటకూ జెనోవా పేటకూ సరిహద్దులో సెయింట్ సాబాస్ మఠానికి చెందిన స్థలం ఉంది. అది మాదంటే మాదన్నారు. 1256లో గొడవ యుద్ధమైంది. పేటల మధ్య రాళ్లు విసిరే యంత్రాలు నిలిపి ఒకరి ఇళ్లను ఒకరు కూలగొట్టుకున్నారు. టెంప్లర్లు వెనిస్ వైపు, హాస్పిటలర్లు జెనోవా వైపు చేరారు. శిలువ కోసం ప్రమాణం చేసిన రెండు సైనిక సంఘాలు ఒక వీధి కోసం ఎదురెదురుగా నిలబడ్డాయి. 1258 జూన్‌లో అక్కో ముందు సముద్రంలో వెనిస్ నౌకాదళం జెనోవా నౌకాదళాన్ని చిత్తు చేసింది. జెనోవా వాళ్లు అక్కో వదిలి తూరుకు పోయారు. అక్కడి నుంచి వెనిస్ వాళ్లను అప్పటికే తరిమేశారు. 1123లో ఏ నగరం కోసం వెనిస్ అంత రాయించుకుందో ఆ నగరమే చేజారింది. కక్ష అక్కడితో ఆగలేదు. 1261లో జెనోవా బైజాంటియం చక్రవర్తితో నింఫేయం దగ్గర ఒప్పందం చేసుకుని, నల్లసముద్రం వ్యాపారంలో వెనిస్‌ను పక్కకు నెట్టింది.

నా అభిప్రాయం దాచుకోను. ఆ రాజ్యం నాశనానికి ఇటలీ వర్తకులే కారణమని అనడం అన్యాయం. వాళ్ల ఓడలు లేకపోతే అది 20 ఏళ్లు కూడా బతికేది కాదు. కానీ ఒకరికి ఇచ్చిన హక్కు పక్కవాడికి శత్రుత్వమైంది. వెనిస్‌కు వీధి ఇస్తే జెనోవాకు గోపురం కావాలి. జెనోవాకు సుంకం తీసేస్తే పీసాకు కూడా తీసేయాలి. యుద్ధంలో నలిగిపోతున్న రాజు ప్రతిసారీ ఇంకొంచెం ఇచ్చి ఓడలు తెచ్చుకున్నాడు. రాజులకు వేరే దారి లేదని కూడా ఒప్పుకోవాలి. గణపతిదేవుడి పరిస్థితి వేరు. ఆయన తీరాన్ని నేల మీది సైన్యంతో గెలిచాడు. ఎవరి నౌకాదళానికీ బాకీ పడలేదు. ఆయనకు కావలసింది ఓడల యుద్ధం కాదు, ఓడల్లో వచ్చే గుర్రాలు, ఏనుగులు, సుంకం. అందుకే అందరికీ ఒకే రేటు పెట్టగలిగాడు. ఆ వెసులుబాటు ఉన్న రాజులందరూ ఆ పని చేయలేదన్నది కూడా నిజమే. ఆయన ముందువాళ్లు లాక్కునే పద్ధతినే నమ్ముకున్నారని ఆయన శాసనమే చెబుతోంది.

అక్కోనూ మోటుపల్లినీ కలిపిన మనిషి ఒకడున్నాడు. అతను వెనిస్ వాడు.

1271లో 17 ఏళ్ల మార్కో పోలో తండ్రితో, పినతండ్రితో కలిసి అక్కోలో దిగాడు. 1123 పత్రంలో పేర్కొన్న వెనిస్ వీధి అప్పటికి దాదాపు ఒకటిన్నర శతాబ్దంగా అక్కడుంది. పక్కనున్న జెనోవా పేట 13 ఏళ్లుగా శిథిలం. మంగోలు చక్రవర్తి కుబ్లాయ్ ఖాన్ అడిగాడని యేసు సమాధి దగ్గరి దీపం నూనె తెచ్చుకోవడానికి వాళ్లు యెరూషలేము వెళ్లి మళ్లీ అక్కో వచ్చారు. పోపు రాయబారి టెయోబాల్డో విస్కోంటి అక్కడే ఉన్నాడు. వాళ్లు ప్రయాణంలో ఉండగానే ఆయన్ను పోపుగా ఎన్నుకున్నారని కబురు రావడంతో వెనక్కి పిలిచి ఆశీర్వదించి పంపాడు. అక్కడి నుంచి చీనా.

రెండు దశాబ్దాల తర్వాత చీనా నుంచి సముద్రం మీద తిరుగు ప్రయాణం. ఆ దారిలోని దేశాల్లో ముత్ఫిలి అనే రాజ్యాన్ని మార్కో పోలో వర్ణించాడు. అది మన మోటుపల్లి. ఆ రాజ్యాన్ని ఒక రాణి ఏలుతోందని, భర్త పోయాక 40 ఏళ్లుగా గొప్ప న్యాయంతో పాలించిందని రాశాడు. ఆ రాణి రుద్రమదేవి. ఆమె గణపతిదేవుడికి భార్య కాదు, కూతురు. 1289లోనే ఆమె కన్నుమూసిందని చందుపట్ల శాసనం వల్ల తెలుస్తోంది. ఓడల మీద, రేవుల్లో విన్న కబుర్లు మార్కో పోలో చెవికి చేరేసరికి బంధుత్వమూ ఏళ్లూ తారుమారయ్యాయి. న్యాయంగా పాలించిందన్న కీర్తి మాత్రం చెక్కుచెదరకుండా చేరింది.

వజ్రాల గురించి కూడా రాశాడు. వానలు కురిశాక కొండల్లోంచి నీళ్లు జారిపోతే ఆ వాగుల్లో వజ్రాలు ఏరుకుంటారట. పాములున్న లోయల్లోకి మాంసం ముక్కలు విసిరితే వాటికి అంటుకున్న వజ్రాలతో సహా గద్దలు ఎత్తుకొస్తాయట. గద్దల సంగతి అరబ్బు నావికుల నుంచి లోకమంతా తిరిగిన కథ. వాన తర్వాత ఏరుకోవడం మాత్రం కథ కాదు. తర్వాతి కాలంలో ఫ్రెంచి రత్నాల వర్తకుడు టావెర్నియే వచ్చి చూసిన కొల్లూరు గనులు మన పల్నాటి కృష్ణ ఒడ్డునే ఉండేవి. ఇక ముత్ఫిలి నూలు బట్ట గురించి రాసినప్పుడు ఆ వెనిస్ వర్తకుడి కళ్లు మెరిసి ఉంటాయి. లోకంలోకెల్లా సన్నని, ఖరీదైన బట్ట ఇక్కడే దొరుకుతుందని, సాలెగూడులా ఉంటుందని, ఏ రాజైనా రాణి అయినా కట్టుకోవడానికి సంతోషిస్తారని చెప్పాడు. ఇవాళ మోటుపల్లి పక్కన చీరాల మగ్గాలు ఇంకా ఆడుతున్నాయి.

అతను వెనిస్‌కు చేరింది 1295లో. ఈలోగా అక్కో లేకుండా పోయింది. 1291 మే 18న మమ్లూకు సుల్తాను అష్రఫ్ ఖలీల్ దాన్ని పట్టుకున్నాడు. మర్నాటికల్లా తూరు ఖాళీ అయింది. వెనిస్ వీధి, స్నానశాల, రొట్టెల పొయ్యి, తేనె కొలిచే పాత్ర, అన్నీ పోయాయి. వెనిస్, జెనోవాల మధ్య కక్ష మాత్రం పోలేదు. ఆ యుద్ధాల్లోనే మార్కో పోలో జెనోవా వాళ్లకు బందీగా చిక్కాడు. 1298లో జెనోవా చెరసాలలో తన యాత్ర కథను చెబుతుంటే రాసిపెట్టినవాడు రుస్తికెల్లో, పీసా మనిషి. తూరులో, అక్కోలో వీధుల కోసం కొట్టుకున్న మూడు నగరాలూ ఒక గదిలో కలిశాయి. మన మోటుపల్లి పేరు యూరప్ పుస్తకాల్లోకి ఎక్కింది ఆ గదిలోనే.

ఓరుగల్లు 1323లో పడిపోయింది. తీరంలో అలజడి. అలాంటి కాలంలో రాజు మాట మీద నమ్మకం పెట్టుకుని ఓడ ఎవరు తెస్తారు? ఆ నమ్మకాన్ని మళ్లీ నిలబెట్టే పని మన గుండ్లకమ్మ ఒడ్డున అద్దంకిలో ఉన్న రెడ్డి రాజులకు వచ్చింది. ప్రోలయ వేమారెడ్డి తర్వాత కొడుకు అనవోతారెడ్డి రాజధానిని కొండవీటికి మార్చాడు. 1358లో ఆయన మోటుపల్లిలో కొత్త శాసనం వేయించాడు.

అది గణపతిదేవుడి శాసనాన్ని మక్కీకి మక్కీ దించినది కాదు. నూరేళ్లలో వర్తకుల భయాలు మారాయి, కొత్త శాసనం ఆ కొత్త భయాలకు జవాబు చెబుతుంది. మోటుపల్లిలో కాపురం ఉండటానికి వచ్చేవాళ్లకు భూములు, ఇళ్ల స్థలాలు ఇస్తారు. ఉండిపొమ్మని ఎవరూ నిర్బంధించరు, పోవాలనుకున్నప్పుడు పోవచ్చు. తెచ్చిన సరుకు ఇష్టమైన వాళ్లకు అమ్ముకోవచ్చు. కొన్ని సుంకాలు తగ్గించారు. అన్నిటికంటే ముఖ్యంగా అపుత్రిక దండం ఎత్తేశారు. కొడుకు లేకుండా చనిపోయిన వర్తకుడి ఆస్తిని ఇక రాజు తీసుకోడు.

పరాయి ఊళ్లో చనిపోతే నా సొమ్ము ఎవరిది అని 1123లో వెనిస్ వాడు యెరూషలేము మతగురువును అడిగాడు. అదే ప్రశ్న మోటుపల్లి బజారులోనూ వినిపించి ఉండాలి, లేకపోతే రాజు శాసనంలో దానికి జవాబు ఉండదు. యెరూషలేము రాజ్యంలో ఆ జవాబు వెనిస్ వాడికి దక్కింది. కొండవీటి రాజు ఆ మాట మోటుపల్లికి వచ్చిన ప్రతివాడికీ ఇచ్చాడు.

ఆ మాట నమ్మి ఓడలు వచ్చాయా? వచ్చాయి. కొండవీటి కుమారగిరిరెడ్డి వసంతోత్సవాలకు కావలసిన సుగంధ ద్రవ్యాలు సముద్రం మీదే దిగేవి. వాటిని తెప్పించిన అవచి తిప్పయ సెట్టికి సింహళం నుంచి ఏనుగులు, హురుమంజి (హోర్ముజ్) నుంచి గుర్రాలు, చీనా నుంచి పట్టు వచ్చేవి. శ్రీనాథుడు హరవిలాసాన్ని అంకితం ఇచ్చింది ఈ వర్తకుడికే. వచ్చే భాగంలో ఆయన ఓడల వెంట హురుమంజి దాకా పోదాం.